సోమవారం ఆకలి

2023 జూన్. తొలి వానలు రెండు పడి, హనుమకొండ నుంచి పరకాల వెళ్ళే రోడ్డు పక్కన గుట్టలు అప్పుడప్పుడే పచ్చబడుతున్నాయి. వీధికుక్కలను పట్టి, ఆపరేషన్ చేయించి, మళ్ళీ తెచ్చి వదిలే ఒక సెంటర్‌లో నేను క్యాచింగ్ టీమ్‌కు లీడర్‌గా ఉన్నాను. అప్పటికే ఆ పనిలో పద్నాలుగేళ్ళు గడిచాయి. నా పేరు కొమురయ్య.

మా పనిని ఏబీసీ అంటారు. యానిమల్ బర్త్ కంట్రోల్ అని దాని పూర్తి పేరు. కుక్కను వలతో పడతాం. డాక్టర్ గారు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేస్తారు. మత్తులో ఉండగానే ఎడమ చెవి కొనను కాస్త కత్తిరిస్తారు. దాన్ని ఇయర్ నాచ్ అంటాం. ఈ కుక్కకు ఆపరేషన్ అయిపోయిందని దూరం నుంచే తెలియడానికి అది గుర్తు. నాలుగైదు రోజులు ఉంచుకుని, కుట్లు మానాక పట్టిన చోటే వదిలేయాలి. ఇంకోచోట వదలడం చట్టరీత్యా కుదరదు. దానికి కారణం కూడా ఉంది. ఉన్న కుక్కలను తీసేస్తే ఆ ఖాళీలోకి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. కానీ ఈ మాట చాలామందికి మింగుడుపడదు. "మల్ల తెచ్చి మా గల్లీలనే ఇడుస్తవా" అని బండి మీద రాళ్ళు వేసినవాళ్ళున్నారు. పట్టుకుపోతుంటే శాపనార్థాలు పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఒకే కాలనీలో ఒకే రోజు రెండూ పడ్డ సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి.

ఆ జూన్‌లో నాకు శిరీష ఫోన్ చేసింది. ఆమె అటవీ శాఖలో బీట్ ఆఫీసర్. అంటే తనకు అప్పగించిన కొంత మేర అడవిని, గుట్టలను కాలినడకన తిరిగి కాపాడుకోవాలి. ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు.

"అన్నా, గుట్ట మీద నెమళ్ళు సస్తానయి. కుక్కలే. జర ఒకసారి వచ్చి చూస్తవా?"

వెళ్ళి చూశాను. గుట్టకు ఒక పక్క చెరువు, ఇంకో పక్క కొత్త కాలనీ. ఊరు పెరుగుతూ పెరుగుతూ గుట్ట అంచు దాకా వచ్చేసింది. ఆడనెమలి గూడు కట్టదు. పొద కింద నేల మీద నాలుగైదు గుడ్లు పెట్టి, దాదాపు నెల రోజులు వాటి మీద కూర్చుంటుంది. కుక్క దగ్గరికి వచ్చినా చివరి నిమిషం దాకా లేవదు. శిరీష నన్ను ఒక పొద దగ్గరికి తీసుకెళ్ళింది. విరిగిన ఈకలు, పగిలిన పెంకులు, ఎండిన నెత్తురు. మూడు వారాల్లో అది ఐదో నెమలి. చచ్చిన ప్రతిదానికీ ఆమె తన నోట్‌బుక్‌లో తేదీ, చోటు రాసుకుంటోంది.

నగరంలో వేటాడే కుక్కలను అదుపు చేసి, మిగిలిన వన్యప్రాణులను కాపాడటానికి మా సెంటరూ అటవీ శాఖా కలిసి ఒక ప్రాజెక్ట్ మొదలుపెట్టాయని ఆమె చెప్పింది. కాగితం మీద పేరు పెద్దగానే ఉంది. ఆ గుట్ట దగ్గర మాత్రం ప్రాజెక్ట్ అంటే ఆమె, నేను, మా బండి.

"కాలనీలో కొందరు మందు పెడుదామంటున్నరన్నా. మాంసంల కలిపి కట్ట కింద పెడ్తరట. అది కుక్కలే తింటయా? నెమలి తింటది, ముంగిస తింటది, గద్ద తింటది. గుట్ట మీద ఏం మిగలదు. నెల రోజులు ఆగమని బతిమాలి వచ్చిన."

అలా ఆ నెల గడువు నా చేతిలో పడింది.

నాకు తెలిసిన పని పట్టడమే కాబట్టి పట్టడంతోనే మొదలుపెట్టాను. రెండు రోజుల తర్వాత పొద్దున ఆరింటికి బండి వేసుకుని చెరువు కట్ట మీదికి వెళ్ళేసరికి పది పన్నెండు కుక్కలు అక్కడే ఉన్నాయి. మేము వలలు దించుతుండగా ఒకావిడ వచ్చి బండికి అడ్డం నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో అన్నం గిన్నె. పేరు సమ్మక్క. కాలనీ చివర ఉన్న లేడీస్ హాస్టల్‌లో వంట చేస్తుందనీ, మిగిలిన అన్నం తెచ్చి రోజూ కుక్కలకు పెడుతుందనీ తర్వాత తెలిసింది.

"ఏడికి తీస్కపోతానవ్ వీటిని?"

"ఆపరేషన్‌కు అక్కా. ఐదొద్దులల్ల మల్ల ఈడనే ఇడుస్త."

"మీరు గట్లనే చెప్తరు. నిరుడు తీస్కపోయిన నల్లది తిరిగి రాలె."

ఆ నల్ల కుక్క సంగతి నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆమె నన్ను నమ్మలేదు. కానీ పక్కకు జరిగి, మేము ఎక్కించిన ప్రతి కుక్కనూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. పదకొండు దొరికాయి. ఒకటి దొరకలేదు. ఎర్రటి ఆడకుక్క. వల విసిరే లోపే కట్ట దిగి, గుట్ట మీది బండలెక్కి నిలబడి మా వైపు చూసింది. దాని ఎడమ చెవికి నాచ్ ఉంది. ఎప్పుడో ఆపరేషన్ అయినదే. ఒకసారి వలలో పడిన కుక్క రెండోసారి అంత తేలిగ్గా దొరకదు. మంద ఎటు కదిలినా ముందు కదిలేది అదేనని శిరీష చెప్పింది. సమ్మక్క దాన్ని లచ్చి అని పిలిచేది.

ఆ ఐదు రోజులూ గుట్ట మీద ఏ నెమలీ చావలేదు. శనివారం పొద్దున పదకొండు కుక్కలనూ తెచ్చి కట్ట మీద వదిలాం. సమ్మక్క వచ్చి మళ్ళీ లెక్కపెట్టుకుని వెళ్ళిపోయింది. పని సగం అయినట్టే అనుకున్నాను. మంగళవారం పొద్దున శిరీష ఫోన్.

"ఇంకోటి పాయె అన్నా."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదు. ఆపరేషన్ వల్ల కుక్కలు పెరగకుండా ఆగుతాయి. ఉన్న కుక్క వేటాడటం మానదు. పద్నాలుగేళ్ళ నుంచి చేస్తున్నా ఈ తేడా నేను సరిగా ఆలోచించలేదు.

మందను నడిపే లచ్చిని పట్టి కొన్నాళ్ళు ఉంచుకుంటే వేట ఆగుతుందేమోనని, దాన్ని ఎలాగైనా పట్టాలని పట్టుదల వచ్చింది. వల కాదు, ఎర పెట్టాలి. తర్వాతి సోమవారం సాయంత్రం కాలనీ మొదట్లో ఉన్న చికెన్ సెంటర్‌కు వెళ్ళాను. నడిపేది ఖాజా భాయ్. నలభై ఏళ్ళ మనిషి, మాటకు నవ్వు జోడించి మాట్లాడతాడు.

"కార్జాలు, కందనకాయలు ఉంటె ఇయ్యి భాయ్. కుక్కకు ఎర పెట్టాలె."

"ఇయ్యాల ఏడికెల్లి తెత్తు కొమురన్నా? సోమవారమాయె. సగం కోళ్ళు గిట్ల తెగలే. రేపు రా, ఎంత గావాల్నంటె అంత."

ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను. తెల్లవారి మంగళవారం. మళ్ళీ శిరీష ఫోన్. ఏడో నెమలి.

బండి రోడ్డు పక్కన ఆపాను. ఖాజా భాయ్ మాట చెవిలో తిరుగుతూనే ఉంది. శిరీషకు ఫోన్ చేసి, నోట్‌బుక్‌లో తేదీలన్నీ చదవమన్నాను. ఆమె చదువుతుంటే ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి ఒక్కో తేదీ ఏ వారమో చూశాను. మంగళవారం. ఆదివారం. మంగళవారం. మంగళవారం. ఆదివారం. ఏడింటిలో ఒక్కటి కూడా వేరే వారం లేదు.

"శిరీషమ్మా, కట్ట కింద కోళ్ళ వ్యర్థం ఎవరు పోస్తున్నరు?"

"ఖాజా భాయే పోస్తడు, రోజూ సాయంత్రం. నేను రెండుసార్లు చెప్పిన. ఎందుకన్నా?"

సోమవారం, శనివారం చాలా ఇళ్ళల్లో నీచు వండరు. ఆ రెండు రోజులూ ఖాజా భాయ్ దగ్గర కోళ్ళు సరిగా తెగవు. సాయంత్రం కట్ట కింద పడేది పెద్దగా ఉండదు. తెల్లవారితే మంగళవారం, ఆదివారం.

నమ్మకం కుదరక, ఆ ఆదివారం తెల్లారకముందే శిరీష, నేను గుట్ట మీద బండ ఎక్కి కూర్చున్నాం. వెలుగు వచ్చాక కుక్కలు ఒక్కొక్కటే కట్ట కిందికి వచ్చాయి. రోజూ వ్యర్థం పడే చోట వాసన చూశాయి. పాత ఈకలు తవ్వాయి. కొన్ని పడుకున్నాయి. లచ్చి చాలాసేపు అక్కడే తిరిగింది. తర్వాత తల ఎత్తి గుట్ట వైపు చూసి నడక మొదలుపెట్టింది. మిగతావి లేచి వెనక వచ్చాయి. మేము లేచి అరిచి, స్టీలు పళ్ళెం మోగించి వాటిని కిందికి తరిమాం. ఆ రోజుకు నెమళ్ళు బతికాయి. కానీ రోజూ పళ్ళెం మోగిస్తూ గుట్ట మీద ఎవరు కూర్చుంటారు?

సోమవారం మధ్యాహ్నం, బేరం లేని వేళ చూసుకుని ఖాజా భాయ్ దుకాణానికి వెళ్ళాను. వ్యర్థం సంగతి ఎత్తగానే అతని నవ్వు పోయింది.

"నాకేమన్న ఖుషీ అనుకుంటానవా? చెత్త బండి పొద్దున ఎనిమిదింటికే వచ్చిపోతది. నా బేరం మొదలయ్యేదే అప్పుడు. పొద్దూకాల దాక డ్రమ్ముల పెడ్తె వాసనకు పక్కోళ్ళు కొట్లాటకొస్తరు. ఏడ పొయ్యాలె చెప్పు."

"పొయ్యొద్దనను భాయ్. ఇప్పుడు ఒక్కసారే ఆపితె ఇంక అన్ని దినాలు గుట్టెక్కుతయి. రోజూ ఒకే తీరు పడాలె. గుట్టకు దూరంగ పడాలె. గంతే."

అప్పుడే సమ్మక్క వచ్చింది. నేనే రమ్మని కబురు పంపాను. తాను అన్నం పెట్టే కుక్క మీద ఖాజా భాయ్ వేడినీళ్ళు పోశాడని ఆమెకు ఏడాదిగా కోపం. తాను నేల కడుగుతుంటే కుక్కే అడ్డం వచ్చిందని అతని వాదన. అది తేలడానికే పావుగంట పట్టింది. తర్వాత ఆమె నా వైపు తిరిగింది.

"కుక్కలను పట్టేటోనికి వాటి కడుపు ఇప్పుడు యాదికొచ్చిందా?"

"ఇప్పుడే వచ్చిందక్కా. నిజం."

ఆమె స్టూల్ లాక్కుని కూర్చుంది. మాట అక్కడ కుదిరింది. ఆదివారం మిగిలే కాళ్ళు, తలకాయల్లో కొంత ఫ్రీజర్‌లో దాచి సోమవారానికి వాడాలని ఖాజా భాయే అన్నాడు. శుక్రవారంది శనివారానికి. దుకాణం వెనక పాత డేగిసాలో రోజూ ఉడికించి ఇచ్చే బాధ్యత అతనిది. ఉడికిస్తే వాసన తక్కువ, రోగాలు తక్కువ. అందులో హాస్టల్ అన్నం కలిపి పెట్టేది సమ్మక్క. చోటు, గుట్టకు దూరంగా కాలనీ అవతల మూతబడ్డ ఇటుక బట్టీ. కాలనీవాళ్ళతో మాట్లాడింది శిరీష. వాళ్ళు ఒక షరతు పెట్టారు: బట్టీ దగ్గర తినే ప్రతి కుక్కకూ ఆ ఏడాది టీకా పడి ఉండాలి. కొన్నాళ్ళు గడువిస్తామన్నారు, ఆ తర్వాత ఒక్కదానికి లేకపోయినా అన్నం పెట్టడం ఆపేయాలి. అది న్యాయమైన షరతే. పదకొండింటికి టీకా వేయించే వదిలాం. లచ్చికి మాత్రం ఎప్పుడో ఆపరేషన్ నాడు వేసిందే.

మొదటి మంగళవారం మా పథకం తప్పింది. ముందురోజు సాయంత్రమే బట్టీ దగ్గర గిన్నెలు పెట్టాం. నాలుగు కుక్కలు వచ్చాయి. లచ్చి రాలేదు. పొద్దున గుట్ట మీద నెమలి ఎగిరి తప్పించుకుంది కానీ, గుడ్లు ఐదూ పోయాయి. ఎక్కడ తప్పు జరిగిందో నాకు తోచలేదు. సమ్మక్కకు తోచింది.

"నిన్నటిదాక కట్ట కింద తిన్నది. ఇయ్యాల బట్టీ కాడికి రమ్మంటె దానికెట్ల ఎరుక? ఇగ నేను చూసుకుంట."

ఆ సాయంత్రం ఆమె గిన్నె మళ్ళీ కట్ట కిందే పెట్టింది. లచ్చి తిన్నది. మర్నాడు ఒక కరెంటు స్తంభం దూరం జరిపింది. ఆ మర్నాడు ఇంకో స్తంభం. కట్ట నుంచి బట్టీ దాకా పదకొండు స్తంభాలు. పదకొండు సాయంత్రాలు హాస్టల్‌లో రాత్రి వంటకు కూరగాయలు తరిగి పెట్టి, గిన్నె నెత్తిన పెట్టుకుని ఆమె నడిచింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. ఆరో స్తంభం దగ్గర వాన పట్టుకుంటే గొడుగు కుక్కల గిన్నె మీద పట్టి తాను తడిసింది. నేను రోజూ దూరం నుంచి చూస్తూ నిలబడేవాణ్ణి. దగ్గరికి రావద్దని ఆమె ఆజ్ఞ. నా చొక్కాకు వల వాసన ఉంటుందట.

పదకొండో రోజున మంద మొత్తం బట్టీ దగ్గర తిన్నది.

అంతలో శ్రావణం వచ్చింది. ఆ ఏడు అధిక శ్రావణం, నిజ శ్రావణం రెండూ వచ్చాయి. రెండు నెలలు. ఖాజా భాయ్ బేరం పడిపోయింది. సరిగ్గా గుట్ట మీద గుడ్లు పిగిలి పిల్లలు బయటికొచ్చే సమయం అది.

"నాకే గిరాకీ లేదు కొమురన్నా. కుక్కలకు ఏం ఉడకబెట్టాలె?" అన్నాడతను. ఈసారి అతని గొంతులో తప్పించుకునే ధోరణి లేదు, నిజంగానే పరేషాన్ అయ్యాడు.

సమ్మక్క మాత్రం తొణకలేదు. "మా హాస్టల్ల ఆడివిల్లలు ఈ నెలల సోమవారం, శనివారం ఒక్కపొద్దులుంటాన్లు. అన్నం మస్తు మిగుల్తది. మెనూల గుడ్డున్నది, శ్రావణమని తినేటోళ్ళు లేరు. ఫికర్ జెయ్యకు భాయ్, నీ ఫ్రీజర్ల ఉన్నదే జర జర కలుపు. వాసనుంటె చాలు."

అలా రెండు నెలలు మంద ఒక్క పూట తప్పకుండా తిన్నది.

ఆ నెలల్లోనే లచ్చికి టీకా వేసే పని కూడా మీద పడింది. కాలనీవాళ్ళు ఇక ఆగేలా లేరు. బట్టీ దగ్గర వల విసిరితే లచ్చి దొరకవచ్చు, కానీ మంద మళ్ళీ అక్కడికి రాదు. ఇన్ని రోజుల కష్టం ఒక్క విసురుతో పోతుంది. సమ్మక్కను అడిగాను.

"డాక్టర్‌ను తీస్కరా. బండి తలుపు తెరిచి పెట్టు. నువ్వు మాత్రం దూరం పో."

మర్నాడు సాయంత్రం బండి బట్టీ దగ్గర ఆపాం. సమ్మక్క చీర కొంగు దోపుకుని బండెక్కి, కుక్కలను కూర్చోబెట్టే చోట తానే కూర్చుని, గిన్నె ముందు పెట్టుకుంది. లచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. నా కేసి చూసింది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని ఇటుకల పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి అది ముందుకాళ్ళు పైకి పెట్టి, ఆగి, ఎక్కింది. సమ్మక్క దాని మెడ మీద చెయ్యి వేసి ఏదో మాట్లాడుతూనే ఉంది. డాక్టర్ గారు పక్క తలుపు నుంచి సూది వేశారు. అది ఒక్కసారి గుర్రుమంది, కరవలేదు. మళ్ళీ తల దించి తినడం మొదలుపెట్టింది.

"అయిపోయిందా సారూ?"

"అయిపోయిందమ్మా."

అప్పుడు దగ్గరికి వెళ్ళి చూశాను. వల అడ్డం లేకుండా లచ్చిని చూడటం అదే మొదలు. మూతి తెల్లబడింది. ముందు పళ్ళు అరిగిపోయాయి, ఒక కోర విరిగింది. ముసలిదైపోయింది. ఎముకలు కొరకలేదు. ఏడు నెమళ్ళను చంపించిన మంద నాయకురాలు అని నేను ఊహించుకున్న జంతువు అన్నం ముద్దలు ఏరుకుని మింగుతోంది. డాక్టర్ గారు సూది సర్దుకుంటూ, "నీ లిస్టులో రాసుకో, పన్నెండూ అయ్యాయి" అన్నారు. తల ఊపాను.

శ్రావణం చివర్లో శిరీష ఫోన్ చేసింది. ఆమె ఫోన్ అంటే అప్పటికీ నాకు భయమే.

"అన్నా, పిల్లలు. నాలుగు. తల్లితోటి తిరుగుతానయి."

ఆ సాయంత్రం నలుగురం గుట్టెక్కాం. ఖాజా భాయ్ దుకాణం షట్టర్ సగానికి దించి వచ్చాడు. సమ్మక్క మోకాళ్ళు పట్టుకుంటూ, దారిలో రెండు చోట్ల కూర్చుని ఎక్కింది. బండ వెనక నుంచి చూస్తే, ఆడనెమలి గడ్డిలో మెల్లగా నడుస్తోంది. వెనక నాలుగు మట్టిరంగు పిల్లలు, ఆగుతూ, పురుగులు ఏరుకుంటూ, మళ్ళీ పరుగెత్తుతూ.

"గింతేనా? కోడిపిల్లల్లెక్కనే ఉన్నయి కద," అన్నాడు ఖాజా భాయ్ గుసగుసగా.

"నీ కండ్లకు అన్నీ కోళ్ళే కనవడ్తయి," అంది సమ్మక్క.

శిరీష నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నోట్‌బుక్ తీసి ఆ రోజు తేదీ వేసింది. చావు కాకుండా ఇంకొకటి ఆ పుస్తకంలో రాయడం అదే మొదటిసారి.

అంతా బాగైపోయిందని చెప్పను. మరుసటి ఏడు కూడా ఒక నెమలి చచ్చింది. ఇంకో చోట గుడ్లు ముంగిస తిన్నది, అది దాని తిండి, మేము పట్టించుకోలేదు. లచ్చి ఆ చలికాలంలో బట్టీ దగ్గరే చనిపోయింది. మంద కొంచెం కొంచెంగా తగ్గింది, ఎందుకంటే కొత్త కూనలు పుట్టలేదు. ఖాజా భాయ్ మిగతా దుకాణాల వాళ్ళకు కూడా చెప్పి, సాయంత్రం వ్యర్థం ఎత్తుకెళ్ళడానికి ఒక ఆటో మాట్లాడాడు. కట్ట కింద ఇప్పుడు ఏమీ పడటం లేదు.

ఈ కేసు నాకు నేర్పింది చిన్న సంగతే. పద్నాలుగేళ్ళు నేను కుక్కనే చూశాను. అది ఎక్కడ తింటుంది, ఎవరు పెడతారు, ఎప్పుడు పెట్టరు అన్నది చూడలేదు. దాన్ని పట్టడం నాకు వచ్చు. దాని చుట్టూ ఉన్న మనుషులను కూర్చోబెట్టి మాట్లాడటం మాత్రం ఆ దుకాణంలో సమ్మక్క, ఖాజా భాయ్ మధ్య కూర్చున్నాకే నేర్చుకున్నాను. ఇప్పుడు నెక్కొండ నుంచి ఫోన్ వచ్చినా, ఇంకెక్కడి నుంచి వచ్చినా మొదటి రోజు వల తీసుకెళ్ళను.

మొన్న పరకాల దగ్గర ఒక ఊరి నుంచి పిలిచారు. కుక్కలు కుందేళ్ళను తరుముతున్నాయట. బస్టాండ్ పక్క హోటల్‌లో చాయ్ తాగుతూ, ఇక్కడ చికెన్ సెంటర్ ఎక్కడుందని హోటలాయనను అడిగాను. ఆయన గ్లాసు కడగడం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వు కుక్కల కోసం వచ్చినవా, కోడి కోసం వచ్చినవా?"

"రెంటి కోసం వచ్చిన," అన్నాను. "జర తోవ చూపియ్యి."